నల్లరాయికి రెండు ముగింపులు

పొద్దున్నుంచి నేరేడ్‌మెట్‌లో మా పక్కింటివాళ్ళు మెట్లకు బండలు కోయిస్తున్నారు. నీళ్ళు పోస్తూ రాయి కోస్తుంటే తడి దుమ్ము వాసన వస్తుంది. అందరూ కిటికీలు మూసుకుంటే నేను తెరుచుకుంటాను. ఆ వాసనకు నాకు కరుణ మేడమ్ గుర్తొస్తారు. పురావస్తుశాస్త్రంలో నా పరిశోధనకు ఆవిడే గైడు. ఆవిడది కోస్తా నుంచి వచ్చి తిరుమలగిరిలో స్థిరపడిన కుటుంబం. ఆదివారం చర్చి నుంచి రాగానే వరండాలో రాళ్ళు పరిచి పాఠం మొదలుపెట్టేవారు. "ఇక్కడి రాయి అక్కడ దొరికిందంటే, మధ్యలో ఎవరో మోసుకెళ్ళారమ్మా. ఆ మనిషినే మనం వెతుకుతున్నాం," అనేవారు. రాంగోపాల్‌పేట్‌లో బట్టల దుకాణం నడిపే మా నాన్నకు ఆ మాట చెబితే, "గట్లయితే వాళ్ళు సుత మన లెక్క బేరగాళ్ళే," అని సంబరపడి, నా చదువు మీద సణగడం మానేశారు.

నా సిద్ధాంత వ్యాసమంతా నగరం అవతల ఒక పాత దిబ్బలో దొరికిన నల్లరాతి గొడ్డళ్ళ మీదే నిలబడింది. అవి దూరపు గుట్ట దగ్గర తయారై, చేతులు మారి ఇక్కడికి వచ్చాయని నా వాదన. ఇక్కడే చెక్కి ఉంటే పెచ్చులు రాలి ఉండాలి కదా, అవెక్కడా లేవు. తీరా వ్యాసం ఇచ్చే ముందు తవ్వకంలో దొరికినవి దాచిన పెట్టెలు విప్పి, అన్నీ మళ్ళీ కడుగుతుంటే, ఒకదాని అడుగున గుప్పెడు నల్ల పెచ్చులు తేలాయి. వాటిని కొంగులో పోసుకుని తిరుమలగిరి పరుగెత్తాను.

"జెర పరేషాన్‌గున్నది మేడమ్. ఇవి గొడ్డలి రాయే అయితే నా పని ఖతం."

మేడమ్ ఒక పెచ్చును తడిపి వెలుతురుకు పట్టి చూశారు గానీ ఏమీ తేల్చలేదు. "కోయించి చూద్దాం. ఈలోగా రెండు ముగింపులు రాసుకురా. రెండు రాళ్ళూ ఒకటే అయితే ఒకటి, వేరైతే ఇంకొకటి. రెండూ ఒకే శ్రద్ధతో రాయాలి."

"నేను వద్దనుకునేది సుత ఎందుకు మేడమ్?"

"నీకేది కావాలో రాయికి తెలీదు కదమ్మా."

ఏడుపు ఆపుకుంటూ రాశాను. ఇక్కడివాళ్ళు ఎవరి కోసమూ ఎదురుచూడకుండా తమ గొడ్డళ్ళు తామే చెక్కుకున్నారని రాస్తూ రాస్తూ వాళ్ళ మీద గౌరవం కూడా పుట్టింది. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండింది.

రాతిని కాగితం కన్నా పల్చగా అరగదీసి గాజుపలకకు అతికిస్తే, సూక్ష్మదర్శినిలో లోపలి గింజలు కనిపిస్తాయి. గొడ్డలిది సన్న గింజ, అచ్చం గుట్ట రాయిలాగే. పెచ్చులది ముతక గింజ. అవి దిబ్బ పక్కన రోడ్డుకు పరిచిన కంకర ముక్కలు, పై మట్టితోపాటు పెట్టెలోకి వచ్చాయి.

"నీ గొడ్డళ్ళు నడిచే వచ్చాయి, ఇక ఇంటికి పో," అన్నారు మేడమ్, తల ఎత్తకుండానే. డిపార్ట్‌మెంటు మెట్ల మీద కూలబడి ఏడ్చాను. అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ ఏడవలేదు. ఆవిడ వచ్చి పక్కన కూర్చుని, "నువ్వు వద్దనుకున్నదే బాగా రాశావు. రాళ్ళు ఒకటే అయినా గట్టెక్కేదానివి. ఆ మాట ముందే చెబితే నిర్లక్ష్యం చేస్తావని చెప్పలేదు," అన్నారు.

మేడమ్ ఇప్పుడు లేరు. నా విద్యార్థులు రాయిని కోతకు పంపే ముందు రెండు ముగింపులూ తెచ్చివ్వాలి. వాళ్ళు భయపడుతున్నదాన్నే ముందు చదువుతాను. అది బాగుంటే మాత్రం మేడమ్‌లా దాచుకోను, అప్పుడే చెప్పేస్తాను. పాపం, ఆ రాత్రి నిద్రపోవాలి కదా వాళ్ళు.