పసుపు గుడ్డ కట్టిన ఇంజెక్టర్

నిన్న సాయంత్రం ఇపో పట్నంలో మా ఇంటి వరండాలో టీ తాగుతుంటే, మా మనవరాలు ఫోనులో చదివి ఒక సంగతి చెప్పింది. పూర్వం ఫ్రాన్సులో ఒక ఇంజనీరు, దోసకాయలాంటి పొడుగాటి గాలిబుడగ కింద ఆవిరి యంత్రం వేలాడదీసుకుని ఆకాశంలో తిరిగాడట. నిప్పురవ్వలు పైనున్న గ్యాసుకి తగలకుండా పొగగొట్టాన్ని కిందికి వంచాడట. బాయిలర్‌కి నీళ్ళు అందించే ఇంజెక్టర్ కనిపెట్టిందీ ఆ మహానుభావుడేనట. పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి రాదు, అంతా తమిళంలోనే చెప్పింది. ఇంజెక్టర్ అనగానే టీ గ్లాసు కింద పెట్టేశాను.

సుంగై సిపుట్ అనే ఊరి దగ్గర పామాయిల్ మిల్లులో మా మామగారు పెద్ద బాయిలర్‌మన్, ఆయన అల్లుణ్ణైన నేను ఆయన కిందనే పనివాణ్ణి. బాయిలర్‌కి నీళ్ళు తోడే పంపు మొరాయించినప్పుడు మాకు దిక్కు ఆ మూరెడు ఇత్తడి ఇంజెక్టరే. ఆవిరి దాంట్లోంచి దూసుకుపోతూ నీళ్ళను తనతో బాయిలర్‌లోకి లాక్కుపోయేది, సన్నగా ఈల వేసేది. ఆ ఈల వింటూ నేను ఏవేవో లోకాల్లో తేలిపోయేవాణ్ణి.

ఒక ఏడు ఆయుధ పూజకి, కొత్త భక్తి కదా, ఇంజెక్టర్‌కి పసుపు పూసి, కొత్త గుడ్డ బిగించి కట్టాను. తెరవగానే మొదట కాసిన్ని నీళ్ళు బయటికి చిమ్మితే గానీ ఇంజెక్టర్ పనిచెయ్యదు; ఆ నీళ్ళు పోయే చిన్న గొట్టం కూడా ఆ ముడి కింద మూసుకుపోయిందని నాకు తోచనే లేదు. దేవుడి గుడ్డ మూడు రోజులదాకా ఎవరూ విప్పరు. మరునాడే పంపు ఆగింది, ఇంజెక్టర్ నీళ్ళు పట్టలేదు, గాజుగొట్టంలో నీటిమట్టం జారిపోతోంది. ఇంకాస్సేపైతే బాయిలర్ పేలి మేమంతా గాలిలో కలిసిపోయేవాళ్ళమే! మామగారు పరుగెత్తుకొచ్చి ఆ గుడ్డను ఉత్త చేత్తో పీకేశారు. నీళ్ళు పట్టాయి గానీ, ఎగజిమ్మిన ఆవిరికి ఆయన కుడిచెయ్యి ఉడికిపోయింది.

మేనేజరు వచ్చి ఎవరు కట్టారని అడిగితే, మామగారు తానే కట్టానన్నారు. నేను నోరు తెరవబోతే నన్ను పక్కకి లాగి, "నా కూతురు కడుపుతో ఉన్నాది, నీ పని పోతే ఏటి తింటాదిరా? నోరు మూసుకో లా" అన్నారు, ఇక్కడివాళ్ళలా చివర 'లా' తగిలించి. మూసుకున్నాను. ఆయన్ని బాయిలర్ దగ్గర్నుంచి తీసేసి గేటు కాపలాకి వేశారు. ఆ కాపలాలోనే వెళ్ళిపోయారు మహారాజు.

నిన్నటినుంచి కళ్ళు మూసుకుంటే చాలు, ఆ ఫ్రెంచివాడి బుడగ మా పామాయిల్ తోటల మీదుగా మెల్లగా పోతున్నట్టూ, దాని కింద వేలాడే బల్లమీద నిలబడి మామగారు, కాలని చేత్తో, పొయ్యి ఎగదోస్తున్నట్టూ కనిపిస్తోంది.

మా ఆవిడ మాత్రం, "మా అయ్యకి దూకుడెక్కువ, తన సెయ్యి తనే కాల్చుకున్నాడు" అని తను బతికినన్నాళ్ళూ అంటూనే ఉండేది. నేను తల వంచుకుని అన్నం కలుపుకునేవాణ్ణి. సిగ్గులేని బతుకు!

ఇప్పుడా మిల్లులో అన్నిటికీ మీటలేనట, పొరపాటు ఎవరిదో యంత్రమే తెరమీద చూపించేస్తుందట. నేనూ నిన్న మనవరాలికి దాచకుండా అంతా చెప్పేశాను. నాయనమ్మకి ఎందుకు చెప్పలేదు తాతా, అని అడిగింది. చెబుదామంటే ఇప్పుడు ధైర్యం ఉంది, ఆవిడ లేదు.