నా కార్డు బాకీ, ఆయమ్మ మాట

మొన్న ఆషాఢంలో ఒక పొద్దున, పెన్షన్ పడిందో లేదో చూసుకుందామని ఫోన్ చేతిలోకి తీసుకున్నానో లేదో, తెలియని నంబరు నుంచి పిలుపు వచ్చింది. అవతల ఎవరో అమ్మాయి, చాలా మర్యాదగా నా పూర్తి పేరు చదివి, అది నేనేనా అని అడిగి, అవునన్నాక, నా పేరున ఒక పాత క్రెడిట్ కార్డు బాకీ ఉందనీ, బ్యాంకు దగ్గర నుంచి దాన్ని తమ కంపెనీ కొనుక్కుందనీ, వడ్డీలన్నీ కలిపితే లక్షన్నర దాటిందిగానీ ముప్పై ఎనిమిది వేలు ఒకేసారి కడితే మిగతాదంతా మాఫీ చేస్తామనీ చెప్పింది. రాంగ్ నంబరు అని పెట్టెయ్యవచ్చు. పెట్టెయ్యలేదు. ఆలోచించుకుని చెబుతానని మాత్రం అన్నాను.

మా తమ్ముడి కొడుకు ఖమ్మంలో ఒక వకీలు దగ్గర జూనియరు. మా వారు పోయిన దగ్గర నుంచి నా కాగితాల పనులన్నీ వాడే చూస్తాడు. సాయంత్రం వాడికి చెబితే నవ్వేశాడు.

"అత్తమ్మా, నువ్వు గాబరా పడకు. దాని గడువు ఎప్పుడో దాటింది, కోర్టుకు గూడ పోలేరు. ఒక్క రూపాయి కట్టేది లేదు. వాళ్లేమన్న కాయితం పంపితే సంతకం మాత్రం పెట్టకు, అంతే."

వాడు చెప్పింది నిజమే అయి ఉంటుంది. అన్నం తిని వాడు వెళ్లిపోయాక, గిన్నెలు కడుగుతూ కూడా నేను ఆ అమ్మాయి మాటలే తలచుకుంటున్నాను. బ్యాంకు సంగతి పక్కన పెడితే, ఆ కార్డు పేరు వినగానే నా కళ్ల ముందుకు వచ్చిన మనిషి వేరే ఉంది.

నా ఈడు వాళ్లకు తెలుసు, మనం ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో జీతం చేతికే ఇచ్చేవారు. రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టి, నోట్లు లెక్కపెట్టుకుని, రుమాలులో చుట్టి జాకెట్టులో దోపుకుని బస్సెక్కితే ఇల్లు చేరేదాకా చెయ్యి అక్కడే ఉండేది. లేని డబ్బు ఖర్చు పెట్టే వీలే లేదు మనకు. అప్పు కావాలంటే ఒకరి గుమ్మం ముందు నిలబడాలి, ఆ నిలబడే సిగ్గుకే సగం కోరికలు చచ్చిపోయేవి. తరువాత జీతాలు బ్యాంకులో పడటం మొదలైంది, ఆ వెనకే కార్డులు అమ్మేవాళ్లు వచ్చారు.

అప్పటికి నేను చండ్రుగొండ దాటి అడవిలోపల ఒక గూడెంలో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. మా వారు కొత్తగూడెంలో ఒక బట్టల కొట్టులో గుమాస్తా. సోమవారం నుంచి శనివారం దాకా నేను గూడెంలో సబ్‌సెంటర్ గదిలోనే ఉండి, ఆదివారానికి ఇంటికి పోయేదాన్ని. ఎర్రుపాలెం వైపు పొలాల మధ్య పుట్టి పెరిగినదాన్ని, అడవి అంటే భయం. మొదటి వారం రోజులు ఏడుస్తూనే ఉన్నాను. ఆ ఏడుపు మాన్పించింది సబ్‌సెంటర్ ఆయమ్మ.

ఆయమ్మ నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. కోయ మనిషి. ఇంట్లో వాళ్ల భాష మాట్లాడుకునేవారు, నాతో తెలుగు. మందుల డబ్బా నెత్తిన పెట్టుకుని ముందు నడిచేది, వెనక నేను. వానాకాలంలో వాగు దగ్గరికి రాగానే నన్ను గట్టు మీద నిలబెట్టి, కర్రతో లోతు చూసుకుంటూ అవతలి దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుని దాటించేది. సూది అంటే పిల్లలను అడవిలోకి తీసుకుపోయి దాచే తల్లులు ఉండేవారు అప్పట్లో. ఆయమ్మ వాళ్ల అరుగు మీద కూర్చుని, వాళ్ల భాషలో ఏదో మాట్లాడి, నవ్వించి, చివరకు పిల్లను తానే ఒళ్లో పడుకోబెట్టుకుని నా వైపు చూసి తల ఊపేది. నేను వేసిన ప్రతి సూది వెనక ఆమె మాట ఉంది. మంచిపనికి నాకు కలెక్టరు చేత ఒకసారి ప్రశంసాపత్రం కూడా ఇప్పించారు. అందులో ఆమె పేరు లేదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు కూడా.

కార్డు అమ్మాయి చండ్రుగొండలో మా నెలవారీ మీటింగు రోజున వచ్చింది. చురుకైన పిల్ల, అందరినీ అక్కా అక్కా అంటూ అరగంటలో ఆరుగురి చేత ఫారాలు నింపించింది. నా ఫారంలో చివర ఒక గడి ఉంది, మిమ్మల్ని బాగా ఎరిగిన స్థానికుల పేరు, చిరునామా రాయమని. ఎవరిది రాయను అంటే, ఊరికే అక్కా, ఎవరిదో ఒకరిది రాయండి, వాళ్లను ఎవరూ అడగరు అంది. నేను ఆయమ్మ పేరు, గూడెం పేరు రాశాను. ఆమెను అడగలేదు. తిరిగి వచ్చాక చెప్పను కూడా లేదు.

మొదట ఒక మిక్సీ కొన్నాను. తరువాత ఖమ్మంలో రెండు పట్టు చీరలు, ఒకటి నాకు, ఒకటి మా ఆడపడుచుకు. తరువాత ఫ్రిజ్. కార్డు ఇలా గీస్తే అలా కాగితం వచ్చేది, చిన్న సంతకం, అంతే. నెలనెలా కనీస మొత్తం కడితే చాలనుకుని అదే కట్టేదాన్ని. అంతలో మా వారు స్కూటరు మీద నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషనుకు కార్డు మీదే నగదు తీశాను. కాలు విరగడం వల్లే బాకీ పడ్డానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే అప్పటికే చీరల దగ్గర సగం మునిగి ఉన్నాను.

ఆ మరుసటి ఏడు నాకు ముదిగొండకు బదిలీ అయింది. గూడెం వదిలి వచ్చేప్పుడు ఆయమ్మ ఇప్పపువ్వు ఒక సంచిలో పోసి ఇచ్చింది. బస్సు కదిలాక నేను ఏడ్చాను, తొమ్మిదేళ్ల కిందట వచ్చినప్పుడు ఏడ్చినదానికంటే ఎక్కువ. కొత్తగూడెం ఇల్లు ఖాళీ చేసి ముదిగొండ చేరిన నెలకే కార్డు బాకీ కట్టడం మానేశాను. ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటే సిమ్ తీసి పారేసి కొత్తది వేసుకున్నాను. కొత్త చిరునామా బ్యాంకుకు ఇవ్వలేదు. రెండు మూడు నెలల్లో అంతా సద్దుమణిగినట్టయింది, గండం గడిచిందనుకున్నాను.

మూడేళ్ల తరువాత కొత్తగూడెంలో పల్స్ పోలియో శిక్షణకు వెళితే, నా తరువాత గూడెంలో చేరిన నర్సు కలిసింది. టీ తాగుతూ, మీకోసం ఆయమ్మ పడిన బాధ మీకు తెలుసా అంది. వసూలు వాళ్లు నా చిరునామా దొరకక, ఫారంలో ఉన్న పేరు పట్టుకుని గూడేనికి వెళ్లారట. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి, బీడీలు చుట్టే తునికాకు కొనే కల్లం దగ్గరికే వెళ్లారట. అడవి నుంచి కోసుకొచ్చిన ఆకు కట్టలు లెక్కపెట్టించుకుని, అందరూ డబ్బు తీసుకునే వేళ. మోటారు సైకిల్ మీద కూర్చునే, నువ్వే జామీను ఉన్నావు, పోలీసులు వస్తారు అని అరిచారట. ఆమె ఆ సీజనంతా కోసిన ఆకుకు చేతికి వచ్చిన పదహారు వందలూ అక్కడికక్కడే వాళ్ల చేతిలో పెట్టిందట. రసీదు లేదు. ఇంటిమీద రేకులు వేయించుకుందామని దాచుకుంటున్న డబ్బు అది. ఆ వానాకాలం మళ్లీ గడ్డి కప్పుకున్నారట. నేను ముదిగొండలో ఉన్నానని ఆమెకు తెలుసు. వాళ్లకు చెప్పలేదు.

వచ్చే ఆదివారమే గూడేనికి వెళ్లాలనుకున్నాను ఆ పూట. వెళ్లలేదు. వెళితే వసూలు వాళ్లకు నా జాడ తెలుస్తుందేమోనని ఒక ఏడాది భయపడ్డాను. తరువాత, ఇన్నాళ్లూ ఎందుకు రాలేదంటే ఏం చెప్పాలన్న సిగ్గు. తరువాత ప్రమోషను, మా వారి జబ్బు, ఆయన పోవడం. ఒక పనిని వాయిదా వేస్తూ పోతే, కొన్నాళ్లకు అది మనం చేయవలసిన పనే కానట్టు అనిపిస్తుంది. నాకు అలాగే అయింది, పద్దెనిమిదేళ్లు.

ఫోన్ వచ్చిన వారానికి, మా వాడికి చెప్పకుండా, ఇరవై వేలు కవరులో పెట్టుకుని బయలుదేరాను. ఖమ్మంలో బస్సెక్కి చండ్రుగొండలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. దారి పొడవునా పామాయిల్ తోటలు. మేము చేతులు పట్టుకుని దాటిన వాగు మీద వంతెన ఉంది, ఆటో దాన్ని దాటిన సంగతి కూడా నాకు తెలియలేదు, డ్రైవరు చెబితే తెలిసింది. ఇంటి నుంచి గూడెం దాకా మూడు గంటలు పట్టలేదు.

ఆయమ్మ ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉంది. వెనక రేకుల ఇల్లు. మనిషి చిన్నదైపోయింది, మోకాళ్లు రెండూ వాచి ఉన్నాయి. నన్ను చూసి కాసేపు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక లేవబోయింది, నేనే భుజం పట్టి కూర్చోబెట్టాను.

"సిస్టరమ్మా, నువ్వా! జుట్టంతా తెల్లగైంది గదా నీది," అంది.

కోడలు చెంబుతో నీళ్లు తెచ్చింది. నేను కవరు ఆమె ఒళ్లో పెట్టి, కల్లం దగ్గర నా మూలంగా పోయిన డబ్బు అని మాత్రం అన్నాను.

"గిదెంత?"

ఇరవై వేలన్నాను.

"నేనిచ్చింది పదారు వందలే." కవరు చేతిలోకి తీసుకుంది. "సరేలే. మోకాళ్ల సూదులకు అయితయి," అని కోడలి చేతికిచ్చి లెక్కపెట్టమంది. వద్దంటుందనీ, నేను బతిమాలాలనీ, ఆ బతిమాలుకోవడంలో నా బరువు కొంత దిగుతుందనీ లోపల ఎక్కడో అనుకున్నానేమో. ఆమె నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. ఇవ్వవలసిన పనీ లేదు.

లెక్క అయ్యాక అంది, "పైసలదేంది సిస్టరమ్మా. మా ముసలాయన పోయిన్నాడు నీకు కబురు చేద్దామని నా కొడుకు చండ్రుగొండ దాకా పోయి ఫోన్ కొట్టిండు. నీ నంబరు పని చెయ్యలే. దినాలు గూడ అయినయి. ఆయనకు నీ చేతి మందంటే గురి ఉండె, ఆఖర్న గూడ సిస్టరమ్మ వచ్చిందా అని అడిగిండు."

బ్యాంకు వాళ్లకు దొరకకూడదని పారేసిన నంబరు అది. ఎవరెవరికి దొరకకుండా పోయానో నాకు ఆ మంచం మీద కూర్చున్నాకే తెలిసింది. తల వంచుకుని ఆమె మోకాలి మీద చెయ్యి వేశాను. ఆమె దాన్ని తీసెయ్యలేదు, కానీ తన చెయ్యి పైన వెయ్యనూ లేదు.

ఆమే అడిగింది, "బ్యాంకోళ్లది కట్టినవా మరి?"

లేదన్నాను. గడువు దాటిపోయిందనీ, కట్టకపోయినా ఎవరూ ఏమీ చెయ్యలేరనీ మా వాడు చెప్పిన మాటలే చెప్పాను. ఆయమ్మ శ్రద్ధగా వింది.

"గట్లనా. నేనైతే అందరి ముందట అన్న, మా సిస్టరమ్మ ఎగ్గొట్టే మనిషి గాదు, ఆమె కడ్తది, మీరు పోన్రి అని. కల్లంల అందరు విన్నరు," అంది. దెప్పిపొడుపు కాదు. జరిగింది చెప్పింది.

మరునాడు పొద్దున్నే బాకీ కొన్న కంపెనీ అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. బ్యాంకుకు వెళ్లి, ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి తీయించి ముప్పై ఎనిమిది వేలూ కట్టాను. మా వాడికి కోపం వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు, చట్టం తెలిసినవాడు కదా, దండగ అనిపించి ఉంటుంది. వాడికి వివరంగా చెప్పలేదు. నేను బాకీ తీర్చింది బ్యాంకు కోసం కాదనీ, నా గురించి ఒక మనిషి పదిమందిలో అన్న మాట ఇన్నేళ్లకైనా నిజం కావాలనీ వాడికి చెబితే, ఆమెకేం తెలుస్తుంది అత్తమ్మా అంటాడు. బాకీ ఏమీ లేదని ఫోన్‌కు ఒక కాగితం వచ్చింది. తేలికపడతాననుకున్నాను. పడలేదు.

ఇప్పుడు గూడెంలో ఇంటింటికీ ఫోన్ ఉంది, అప్పు కావాలంటే మనిషి ముఖం చూడనక్కరలేకుండా అందులోనే ఇస్తున్నారట. రోడ్డుంది, అంబులెన్సు ఇంటి ముందుకే వస్తుంది. మంచిదే, ఆ వాగులో మేము పడ్డ అవస్థ ఇంకెవరూ పడనక్కరలేదు. అప్పట్లో శనివారం మధ్యాహ్నం నేను సంచి సర్దుకుంటుంటే ఆయమ్మ గుమ్మంలో నిలబడి, సోమారం వస్తవ్ గదా అని అడిగేది. తొమ్మిదేళ్లలో ఒక్క వారం కూడా ఆ మాట అడగడం మానలేదు. నేను ఏటా బదిలీకి దరఖాస్తు పెట్టుకునేదాన్నని ఆమెకు తెలుసు, అయినా అడిగేది. మొన్న నేను ఆటో ఎక్కుతుంటే కర్ర ఊతంతో ఆటో దాకా వచ్చింది. పైలం సిస్టరమ్మా అంది. మళ్లీ ఎప్పుడొస్తావని అడుగుతుందేమోనని, డ్రైవరును కాసేపు ఆపమని, ఆటోలో కూర్చునే ఎదురుచూశాను. ఆమె అడగలేదు.