గట్టు మీద ఆగిన ట్రాక్టరు

రత్నరాజుకు అసూయ కొత్త కాదు. పక్కవాడు సైకిలు కొంటే ఆ రోజే తన సైకిలుకు పట్టిన తుప్పు కనపడేది. అయితే సొంత మేనల్లుడి మీద పుట్టిన అసూయ మాత్రం అతన్ని నిలవనిచ్చేది కాదు.

అనకాపల్లిలో రేడియోలు బాగుచేసుకుని బతికిన మనిషి. రేడియోలు మూలపడ్డాక, కోటపాడు రోడ్డులో త్రినాధరావు పెట్టిన వైర్‌లెస్ సెట్ల పరీక్షా కేంద్రంలో చేరాడు. కేంద్రమంటే మేడేమీ కాదు, చెరకు చేల మధ్య చదును చేసిన జాగా, ఓ రేకుల షెడ్డు. వాకీటాకీ ఎంత బలంగా తరంగాలు వదులుతోందో కొలవడం అక్కడి పని. ముందు సెట్టును కర్రబల్ల మీద పెట్టి, దూరాన ఉన్న మీటరులో అంకె చూస్తారు. తరవాత సెట్టు తీసేసి, సరిగ్గా అదే చోట, ఎంత బలంగా పనిచేస్తుందో ముందే తెలిసిన యాంటెన్నాను నిలబెడతారు. మీటరు మళ్ళీ అదే అంకె చూపేదాకా దానికి సిగ్నలు పెంచుతూ పోతారు. ఎంత ఇస్తే ఆ అంకె వచ్చిందో దాన్నిబట్టి సెట్టు బలం తేలుతుంది. నియమం ఒక్కటే, ఆ రెండు కొలతల మధ్య చుట్టుపక్కల ఏదీ మారకూడదు. దగ్గర్లో ఇనుము కదిలినా లెక్క తప్పుతుంది.

అక్క కొడుకు రోనాల్డ్‌ను ఈ పనిలో పెట్టిందీ, నేర్పిందీ రత్నరాజే. ఏకు మేకై కూర్చుంది. సెట్లు తెచ్చినవాళ్ళంతా రోనాల్డ్ గారెక్కడని అడగడం మొదలుపెట్టారు. ఇంట్లో భార్య షెకీనా కూడా "మనోడి సెయ్యి మంచిది" అంటుంటే అతనికి అన్నం సహించేది కాదు. చివరికి త్రినాధరావు కూడా తేల్చేశాడు.

"ఈసారి సెట్లు రోనాల్డ్ కొలుస్తాడు. అవే సెట్లకు మద్రాసు లాబు ఇచ్చే కొలతతో సరిపోతే, ఫీల్డు ఇన్‌ఛార్జి అతనే."

ఆ కుర్చీ తనదేనని రత్నరాజు మొదట్నుంచీ నమ్ముకున్నాడు.

కొలతల రోజు రోనాల్డ్ మీటరు ముందు కూర్చున్నాడు. రత్నరాజు బల్ల దగ్గర నిలబడ్డాడు. సెట్టును కొలుస్తుండగానే చెరకు ఎత్తడానికొచ్చిన ట్రాక్టరు, దాని వెనక పెద్ద ఇనుప తొట్టి, గట్టు మీదికొచ్చి ఆగాయి. కోతల రోజులు, ట్రాక్టర్ల మోత ఎవరికీ పట్టదు. రోనాల్డ్ వీపు అటువైపుంది. అంకె రాసుకుని "అయిపోనాది మామా, సెట్టు తీసీ" అని కేకేశాడు. యాంటెన్నా నిలబెట్టేలోగా ట్రాక్టరు కదిలి వెళ్ళిపోయింది.

రత్నరాజు అంతా చూశాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఆ రోజు నోరు కుట్టేసుకున్నాడు. ఇప్పుడు తెలుస్తుందిరా నీ చెయ్యెంత మంచిదో అనుకుని, లోపల హాయిగా నవ్వుకున్నాడు.

మద్రాసు కొలతకూ రోనాల్డ్ కొలతకూ పొంతన కుదరలేదు. త్రినాధరావు అందరి ముందూ రోనాల్డ్‌ను కడిగేసి, ఫీల్డు రత్నరాజుకు అప్పగించాడు.

మర్నాడు పక్క చేను రైతు పైడిరాజు రోనాల్డ్‌తో మాటల్లో అన్నాడు. "ఆవేళ మీరు కొలతలు తీత్తంటే మా తొట్టి గట్టుమీద ఆపేం. మీకేటీ అడ్డం కానేదు కదా?"

రోనాల్డ్ మొహం పాలిపోయింది. తిన్నగా షెడ్డులోకి వచ్చాడు.

"మామా, ఆవేళ గట్టుమీద తొట్టి ఆగిందట. నాను మీటరు మీదే కళ్ళెట్టీసేను. నీకు కనపడనేదా?"

రత్నరాజు "నేదురా" అన్నాడు.

రోనాల్డ్ పెద్దగా ఊపిరి వదిలాడు. "నీకే కనపడనేదంటే ఇంక నాకేటి కనపడతాది! నా సేతకానితనమేనని రాతిరల్లా ఏడిసేను మామా. నువ్వు కూకో, సెట్లు నాను మోత్తాను."

ఇన్‌ఛార్జి కుర్చీలో కూర్చున్న రత్నరాజు, వాడు ఒక్కసారి వెనక్కి తిరిగి తనను అనుమానంగా చూసినా బాగుండునని కాచుకు కూర్చున్నాడు. రోనాల్డ్ సెట్లు భుజానికెత్తుకుని, ఈలవేసుకుంటూ బల్ల వైపు వెళ్ళిపోయాడు.