ఐసు పెట్టెలో వచ్చిన మందు

చదువూ నేనూ ఏడో తరగతి దాకా కలిసే నడిచాం. అక్కడ అది పై తరగతికి వెళ్లింది, నేను రేపల్లె చేపల మార్కెట్టుకి వెళ్లాను. ఆ తర్వాత ఎక్కడైనా ఎదురుపడ్డా, అది నన్ను గుర్తుపట్టినట్టు లేదు.

రేవులో రొయ్యలు, చేపలు కొని, ఐసు పెట్టెల్లో సర్ది తెనాలికి పంపడం నా పని. హాస్యాలాడటం నా జబ్బు. దానికి మందు మా ఆవిడ. బాపట్ల పిల్ల. నా మాటలకి ఎన్నడూ నవ్వేది కాదు, తిప్పికొట్టేది. "నేను లేకపోతే ఈ ఇల్లేమైపోతుందో" అని నేనంటే, "శుభ్రంగా ఉంటుంది" అని వంటింట్లోంచి వచ్చేది జవాబు. ఆ దెబ్బ తింటేగాని నాకు అన్నం సయించేది కాదు.

ఒక ఏడు ఆమె మెడ పక్కన బిళ్లలు కట్టాయి. ముక్క తీసి పరీక్ష చేసి, లింఫోమా అన్నారు. రక్తంలో ఉండే తెల్లకణాలకి వచ్చే క్యాన్సరట. ఆ రోజునుంచి మా ఆవిడ నోట్లోంచి "ఊఁ" తప్ప మరో మాట రాలేదు. మార్కెట్టు నుంచి వస్తూనే గుమ్మంలో నిలబడి ఒక మాట విసిరేవాణ్ణి. వంటింట్లోంచి "ఊఁ." ఇంకోటి విసిరేవాణ్ణి. "ఊఁ." ఆమె బతకాలి, అందులో రెండో మాట లేదు. కానీ నాకు ఊఁ అనే మనిషి చాలదు. ఆ పాత నోరు కావాలి.

తెనాలిలో డాక్టరు గారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. "అదుపు తప్పి పెరుగుతున్నవి బి కణాలని ఒక రకం. వాటి ఒంటిమీద ఒక గుర్తు ఉంటుంది. కీమోకి ముందురోజు ఎక్కించే ఈ మందు ఆ గుర్తుని వెతికి అతుక్కుంటుంది. అది అతుక్కున్నవాటిని మన ఒంట్లోని రక్షణ కణాలే చంపేస్తాయి."

రేవులో వేలంపాట అయ్యాక కొన్న గంపకి మేం ఒక గుడ్డపీలిక కడతాం. మోసేవాళ్లు పీలిక చూసి ఎత్తుకుపోతారు, లోపల ఏముందో చూడరు. ఆ సంగతే చెప్పి అడిగాను. "మరి మంచి గంపకి కూడా అదే పీలిక ఉంటేనండి?"

"అదీ పోతుంది. మంచి బి కణాలూ పోతాయి. కానీ వాటిని పుట్టించే మూలకణాలకి ఆ గుర్తు ఉండదు. అందుకని కొన్ని నెలలకి కొత్తవి వస్తాయి. అందాకా జ్వరం తగిలితే నిర్లక్ష్యం చేయకూడదు."

"విన్నావా, పోయినవి మళ్లీ వస్తాయంట" అన్నాను ఆమెతో.

"ఊఁ."

మందు గుంటూరులో దొరికింది. చల్లగా తీసుకురమ్మన్నారు కదా, చల్లదనంలో నాకెవరు పాఠం చెప్పాలి? థర్మోకోల్ పెట్టె, చితక్కొట్టిన ఐసు, పైన రెండు గుప్పెళ్ల రాళ్లుప్పు. ఉప్పు పడితే ఐసు ఇంకా కొరుకుతుంది. మందుల షాపు కౌంటర్లో ఉన్నాయన సీసాలు ఇవ్వబోయి, పెట్టెలోకి తొంగిచూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏంటి బాబాయ్ ఇది? రొయ్యలనుకున్నావా? గడ్డకట్టిందంటే ఈ మందు పారబొయ్యడమే. ఫ్రిజ్జులో ఉన్నంత చల్లదనం చాలు."

ఐసంతా పారబోయించి, జెల్ ప్యాకెట్లు పెట్టి, అవి తగలకుండా సీసాలకి అట్ట చుట్టి ఇచ్చాడు. అంగలకుదురు దాటి తెనాలి వచ్చేదాకా, బస్సు గోతిలో పడ్డప్పుడల్లా పెట్టెని ఒళ్లోకి ఎత్తుకున్నాను.

మర్నాడు ముందు ఒక బిళ్ల, ఒక ఇంజక్షను ఇచ్చి, సెలైన్లో కలిపిన మందు మొదలుపెట్టారు. చుక్కకీ చుక్కకీ మధ్య నేను రేపల్లె వెళ్లి రావచ్చు, అంత నిదానం.

పక్క మంచంలో బాపట్ల టీచరు గారు. ఆవిడకీ అదే మందు. "మీకూ క్యాన్సరాండి?" అని మెల్లిగా అడిగాను.

"కాదు తమ్ముడూ, కీళ్లవాతం. నా రక్షణ కణాలే నా కీళ్లని పరాయివనుకుని కొరుకుతున్నాయంట. బి కణాలే వాటిని ఎగదోస్తున్నాయంట. వేరే మందులు పనిచెయ్యక ఇది పెట్టారు. ఇన్నేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పాను, నా ఒంట్లోవాటికి చెప్పుకోలేకపోయాను."

"మా ఆవిడదీ బాపట్లేనండి" అన్నాను, ఊరి కబుర్లకైనా నోరు తెరుస్తుందని. టీచరు గారు సముద్రం గురించి, రైలుకట్ట గురించి ఏవేవో అడిగారు. "ఊఁ" అంది మా ఆవిడ.

అంతలో ఆమె దవడలు టకటకలాడాయి. కాసేపటికి మంచమే వణికింది. ఐసంతా గుంటూరులోనే పారబోశారన్న సంగతి కూడా మర్చిపోయాను. రాళ్లుప్పు తప్ప నాకింకేం గుర్తుకు రాలేదు.

"నా ఐసే సిస్టర్! నేనే గడ్డకట్టించేశాను!"

సిస్టరు మందు ఆపి, దుప్పట్లు కప్పి, డాక్టరు గారిని పిలిచి ఇంజక్షను చేసింది. "మీ ఐసుకేం సంబంధం లేదు బాబాయ్ గారూ. మొదటిసారి చాలామందికి ఇలా వస్తుంది. మందు పట్టుకున్న కణాలు ఒక్కసారిగా పగిలితే ఒళ్లు ఉలిక్కిపడుతుంది. అందుకే అంత నిదానంగా ఎక్కిస్తాం. తగ్గాక మళ్లీ మొదలుపెడతాం, ఇంకా మెల్లిగా."

"తగ్గకపోతే?"

"అప్పుడు డాక్టరు గారు ఆలోచిస్తారు."

మా ఆవిడ పాదాలు పట్టుకుని కూర్చున్నాను. జోకులన్నీ ఎక్కడికి పోయాయో. ఒక్క తిట్టు తిట్టవే అని లోపల బతిమాలుకున్నాను. వణుకు సన్నబడింది, ఆగింది. మందు మళ్లీ మొదలైంది. ఈసారి ఒళ్లు ఒప్పుకుంది. సాయంత్రానికి సెలైన్ సంచీ ఖాళీ అయింది. ఆమె కళ్లు మూసుకునే ఉంది.

సిస్టరు సూది తీస్తుంటే, అలవాటు కొద్దీ నోరు జారాను. "సిస్టర్, అడుగున నాలుగు చుక్కలుంటే నాకెక్కించండి. నాలోనూ ఏవేవో అదుపు తప్పినట్టున్నాయి."

మంచం మీంచి, కళ్లు తెరవకుండానే వచ్చింది గొంతు.

"వద్దమ్మా సిస్టరూ. ఆ మందు చెడిపోయినవాటిని వెతికి వెతికి చంపుతుందంట. ఈయనకెక్కిస్తే ఇంటికి నేనొక్కదాన్నే పోవాలి."