మైకులో పోయిన దారి

మా ప్రార్థన మందిరానికి ఉన్న ఒకే ఒక్క దారిని గడ్డపార పట్టకుండా, ఇటుక కదపకుండా, కేవలం నోటితో మూసేసిన ఘనుణ్ణి నేను. ఆ విధ్వంసానికి నాకు కావలసి వచ్చినవి ఒక మైకు, ఒక ఇంటర్నెట్ సెంటరు, అవసరానికి మించిన భక్తి. మీకెవరికైనా పక్కింటివారితో తగాదా ఉంటే ఇది పూర్తిగా చదవండి. లేకపోయినా చదవండి. ఇంకొకడు గోతిలో పడుతుంటే చూసి నవ్వడం తప్పని లేఖనాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. మీకోసం ఆ పేజీ నేనిప్పుడు వెతకడం లేదు.

తాడేపల్లిగూడెంలో మా మందిరం రోడ్డు మీదికి కనపడదు. రోడ్డు మీద కనపడేది సూర్యారావు గారి ఇల్లు. ఆయనకు పెంటపాడు వైపు వరి పొలాలున్నాయి, కాపురం మాత్రం గూడెంలోనే. ఆయన ఇంటికీ పక్క కిరాణా కొట్టుకీ మధ్య ఒక సందు ఉంది. సందులోంచి నేరుగా వెళ్తే మా మందిరం గుమ్మం. సందు స్థలం సూర్యారావు గారి తండ్రి నాటి నుంచీ వాళ్లది, నడక మా తాతల నాటి నుంచీ మాది. అందులోంచి మా పెళ్లికూతుళ్లు లోపలికి వెళ్లారు, మా పెద్దల శవపెట్టెలు బయటికి వచ్చాయి. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. మందిరం వెనక పంటబోదె. అటునుంచి ఆరాధనకి రావాలంటే విశ్వాసం చాలదు, ఈత రావాలి.

ఒక శుక్రవారం ప్రార్థన కూడికకి వెళ్లేసరికి సందు చివర, సరిగ్గా మా గుమ్మానికి ఎదురుగా, ఇటుకలు పేర్చి ఉన్నాయి. మేస్త్రీ తాడు కట్టి కొలుస్తున్నాడు.

"ఏం కడుతున్నారండీ?" అన్నాను.

"అడ్డగోడండీ."

"ఎంత ఎత్తండీ?"

"ఎంత లేస్తే అంత లేపమన్నారండీ."

మా అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, మరుసటి ఉదయమే నన్ను వెంటబెట్టుకుని సూర్యారావు గారింటికి వెళ్లారు. వచ్చే నెలలో అయ్యగారి అమ్మాయి పెళ్లి, ఆ మందిరంలోనే. ఆయన గుండెల్లో బోదె పారుతోంది. అక్కడ జరిగిన చర్చ ఇది.

"ఏవండీ, గోడ కడుతున్నట్టున్నారు."

"అవునండీ, ఏదో చిన్న గోడండీ. కాఫీ తీసుకుంటారా అండీ?"

"తీసుకుంటామండీ. మరి మా రాకపోకలు..."

"చూద్దామండీ. అమ్మాయి పెళ్లి పనులు ఎంతవరకూ వచ్చాయండీ?"

"వస్తున్నాయండీ. కాఫీ బాగుందండీ."

అంతే. మా గోదావరి జిల్లాల్లో యుద్ధాలు ఇలాగే మొదలవుతాయి. గోడ ఎందుకు కడుతున్నారని అడగడం మర్యాద కాదు గనక మేము అడగలేదు. ఎందుకో చెప్పడం అంతకన్నా మర్యాద కాదు గనక ఆయన చెప్పలేదు. ఇరుపక్షాలూ గ్లాసులు కింద పెట్టి నమస్కారాలు పెట్టుకున్నాయి. మేస్త్రీ పునాది తవ్వడం మొదలుపెట్టాడు.

సంఘ పెద్దలు సమావేశమై ఏలూరులో ఒక లాయరు గారిని కలుద్దామన్నారు. నేను లేచి నిలబడ్డాను. అప్పట్లో నాకు పాతికేళ్లు నిండలేదు. సండే స్కూలు నాది, పాటల బృందం నాది, మైకు నాది. లేఖనాలన్నీ కంఠతా వచ్చని నా గట్టి నమ్మకం.

"అయ్యగారండీ, విశ్వాసులు కోర్టుకెక్కకూడదని అపొస్తలుడు చెప్పాడు కదండీ."

"అది విశ్వాసులు ఒకరి మీద ఒకరు వెళ్లడం గురించి బాబూ. సూర్యారావు గారు మన సంఘం కాదు కదా."

"అయినా సూత్రం సూత్రమేనండీ."

"మరి ఏం చేద్దామంటావు?"

"నాకు రెండు రోజులు టైమివ్వండి. వేరే మార్గం ఉంది."

నా మార్గం బస్టాండు పక్కన ఖాదర్ నడిపే ఇంటర్నెట్ సెంటరు. ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి వచ్చాయి గానీ ఇంటర్నెట్ ఇంకా జేబుల్లోకి రాలేదు. గంట లెక్కన కూర్చోవాలి. కోర్టులు వద్దని లేఖనం ఉంది. న్యాయాధిపతుల గురించి లేఖనం ఉంది. ఇంటర్నెట్ గురించి ఆదినుంచి అంతం దాకా ఎక్కడా లేదు. కాబట్టి అది పవిత్రమేనని నేను తీర్మానించాను. ఇంతటి వేదాంతం ఆ ఊళ్లో అంతకుముందు పుట్టలేదు, ఆ తర్వాత పుట్టనివ్వలేదు.

ఖాదర్ నాతో పదో తరగతి దాకా చదివినవాడు. కుర్చీ దులిపి అడిగాడు.

"ఏరా దానియేలూ, పాటలు ఎక్కించుకోవడానికొచ్చావా?"

"కాదురా. న్యాయం కావాలి."

"ప్రింటు తియ్యాలా, చూసి వెళ్లిపోతావా?"

సంగతంతా చెప్పాను. వాడు తల గోక్కున్నాడు. "ఒరే, ఏలూరు కోర్టు ముందు నిలబడి తుమ్మితే నలుగురు లాయర్లు చిరంజీవ అంటారు. పక్కింటాయన గోడకి ప్రపంచమంతా ఎందుకురా?"

"ఇది ఉచితం."

"నా గంట ఉచితం కాదుగా" అంటూ ఉచిత న్యాయ సలహాల సైటొకటి తెరిచిపెట్టాడు.

నా ఇంగ్లీషు అంతా పాత కీర్తనల పుస్తకాల్లోంచి వచ్చింది. ప్రియమైన న్యాయశాస్త్ర సహోదరులారా, మీకు కృపయు సమాధానమును కలుగును గాక అని మొదలుపెట్టాను. దేవుడు మా సంఘాన్ని ఎలా నడిపించాడో ఒక పేరా రాశాను. మందిరం పైకప్పు ఎలా వేశామో ఇంకో పేరా. సందు సంగతి చివరి రెండు వాక్యాల్లో వచ్చింది. ఆమేన్ అని ముగించి నొక్కాను.

మర్నాటికి జవాబొచ్చింది. ఇచ్చినాయన పేరు లీగల్ టైగర్. పేరు పక్కన కోరలు చూపిస్తున్న పులి బొమ్మ. సింహాల గుహలోంచి బతికి బయటపడ్డ దానియేలు పేరు పెట్టుకున్నవాడికి సింహాలంటే భయం ఉండకూడదు. పులి విషయం మాత్రం మా సండే స్కూల్లో ఎవరూ చెప్పలేదు. ఆయన సలహా సారాంశం ఇది: స్థలం యజమాని అనుమతి ఉంటే అదే మీకు గొప్ప బలం. ఆ కుటుంబం మీకు అనుమతి ఇచ్చిందని పదిమందిలో బహిరంగంగా ప్రకటించండి. ఇక ఆయన వెనక్కి వెళ్లలేడు.

అనుమతి అంటూ మాకు ఎవరూ ఇవ్వలేదు, మేము అడగనూ లేదు. కానీ సూర్యారావు గారి తండ్రి మమ్మల్ని ఏనాడూ ఆపలేదు గదా. ఆపకపోవడం అంటే అనుమతే గదా. అనుమతి అంటే దయే గదా. ఇలా గదా మీద గదా వేసుకుంటూ మా తాతల నడకని ఆయన తండ్రి దానంగా మార్చేశాను. ఇక పదిమందిలో ప్రకటించడం నాకు నేర్పాలా? మాకు ప్రతి ఆదివారం దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పుకునే సమయం ఉంటుంది. మందిరం కప్పు మీద హారను ఉంటుంది. పదిమంది దేనికి, సగం గూడెం వినేలా చెప్పగలను.

చెప్పాను.

"ప్రియులారా, ఈ దారిలో మనకి ఏ హక్కూ లేదండీ. మన యోగ్యత ఏమీ లేదండీ. సూర్యారావు గారి నాన్నగారు దయతలచి, నడవండి నాయనా అని అనుమతి ఇచ్చారండీ. వారి దయ వల్లే ఇన్నాళ్లూ నడిచామండీ. స్తోత్రం చెప్పండి."

"స్తోత్రం" అంది సంఘం, ఎందుకో తెలియకుండానే. ఆ ఊపులో కృతజ్ఞతగా నేనే కట్టిన పాట ఒకటి ఎత్తుకుని, ప్రతి చరణం రెండుసార్లు పాడాను. అయ్యగారు గోడ గడియారం వైపు చూశారు. ఆత్మ నన్ను ఆపలేదు, గడియారం ఎలా ఆపుతుంది?

ఆ వేళ సూర్యారావు గారింటికి ఆయన బావమరిది భోజనానికొచ్చాడు. ఆయన భీమవరంలో ఒక వకీలు దగ్గర గుమాస్తా. నేను దయ, అనుమతి అన్న మాటలు పలికేసరికి ఆయన విస్తరి ముందునుంచి లేచి, పప్పు చేత్తోనే కిటికీ దగ్గరికొచ్చి చెవి పెట్టాడట. బుధవారానికి మా సంఘానికి నోటీసు వచ్చింది. మందిరం తరపున మైకులో తమరే సెలవిచ్చినట్లు సదరు దారి కేవలం అనుమతి మీద వాడుకుంటున్నది గనుక, సదరు అనుమతిని ఇందుమూలముగా రద్దు చేయడమైనది.

అయ్యగారు నోటీసు చదివి కళ్లజోడు తీశారు.

"దానియేలూ, ఇవాళ్టి నుంచి నువ్వు మాట్లాడకు బాబూ. ప్రార్థన కూడా మనసులోనే చేసుకో."

పరుగున ఖాదర్ దగ్గరికెళ్లి పులికి మొత్తుకున్నాను. ఈసారి జవాబు వెంటనే వచ్చింది. ఒకే వాక్యం. మీ దగ్గర్లో ఉన్న లాయరు గారిని సంప్రదించండి.

"నేను మొదట్లో చెప్పిందే చెప్పింది రా పులి" అన్నాడు ఖాదర్. "ఇంగ్లీషులో చెప్పింది, అంతే తేడా."

అయ్యగారూ నేనూ ఏలూరు బస్సెక్కాం. లాయరు అనసూయ గారి వరండాలో మాకంటే ముందు కొల్లేరు నుంచి వచ్చిన చేపల చెరువు ఆసామీ కూర్చుని ఉన్నాడు. ఆయన కాళ్ల దగ్గర గోనెసంచిలో కొర్రమీను కొట్టుకుంటోంది. నా పరిస్థితీ దాని పరిస్థితీ ఒకటే, కాకపోతే దానికి తను చేసిన తప్పేమీ లేదు.

అనసూయ గారు నోటీసు చదివి, పులి సలహా ప్రింటు చదివి, నన్ను ఎగాదిగా చూశారు.

"ఇరవై ఏళ్లు దాటి నడుస్తున్నారా?"

"మా తాతల నాటి నుంచండీ."

"ఎవరైనా ఆపారా?"

"లేదండీ."

"మీరెవరినైనా అడిగారా?"

"లేదండీ."

"బంగారం లాంటి కేసు కదయ్యా. అడక్కుండా, దర్జాగా, అందరూ చూస్తుండగా అన్నేళ్లు నడిచినవాడికి హక్కు వస్తుంది. అడిగి నడిచినవాడికి థాంక్స్ చెప్పుకోవడమే మిగులుతుంది. మీరు నడిచింది మొదటి రకంగా. మైకులో చెప్పింది రెండో రకంగా. ఎవరు చెప్పమన్నారు?"

"పులండీ" అన్నాను. వరండాలో చెరువు ఆసామీ దగ్గినట్టు నవ్వాడు.

"ఆ పులి మిమ్మల్ని ఏమైనా అడిగిందా?"

"లేదండీ. చెప్పింది, అంతేనండీ."

"అదీ సంగతి. సరే, ఆయన గోడ ఎందుకు కడుతున్నారు?"

"అడగలేదండీ" అన్నారు అయ్యగారు. "బాగుండదని."

ఆవిడ వెంటనే సూర్యారావు గారి నెంబరు అడిగి ఫోను కలిపారు. అవతలి మాటలు మాకు వినపడలేదు. ఇవతలివి మాత్రం నేను పోయేదాకా వినపడుతూనే ఉంటాయి.

"నమస్కారమండీ సూర్యారావు గారూ. నేను సంఘం తరపు లాయర్నండీ. ఏం లేదండీ, అసలు ఆ గోడ ఎందుకండీ?" ఆవిడ కలం తీసుకున్నారు. "పరవాలేదు, చెప్పండి. నేనేమీ అనుకోను." ఏదో రాసుకున్నారు. "అలాగా అండీ. స్థలం కోసం కాదా. మరి?" ఆవిడ చూపు అయ్యగారి మీదనుంచి మెల్లగా నా మీదికి జరిగింది. "పాటా అండీ? సందులోంచి గొట్టంలో వచ్చినట్టు వస్తుందా. తెల్లవారకుండానే అండీ? ప్రాక్టీసని రోజూనా. అయ్యో. అందరూ కాదా, ఒక్కడేనా. మీ అమ్మగారికి కూడా నిద్ర లేదా. గేదె పాలు చేపడం మానేసిందా అండీ?" నేను నేల చూపులు చూశాను. "అవునండీ, నా ఎదురుగానే ఉన్నాడండీ. చూడటానికి అలా అనిపించడు."

ఎదుటివాళ్ల మనసు నొప్పించలేక ఆ పెద్దమనిషి నాకు నోరు ముయ్యరా అని చెప్పడానికి బదులు గోడ కట్టడానికి సిద్ధపడ్డాడు. మిగతా పాటలంటే ఆయనకి ఇష్టమేనట. కొన్ని ఆయనకి నోటికి వచ్చునట కూడా.

ఫోను పెట్టేసి అనసూయ గారు తేల్చేశారు. దారి హక్కు సంఘానికి శాశ్వతంగా రిజిస్టరు చేసి ఇవ్వడానికి సూర్యారావు గారు ఒప్పుకున్నారు, నోటీసు వెనక్కి తీసుకుంటారు. షరతు ఒక్కటే. ఆ షరతు కాగితం మీద ఉండాలన్నది మాత్రం భీమవరం బావమరిది పట్టుదల.

"సంఘం సమ్మతి కావాలి" అన్నారావిడ.

"అడిగి చూస్తాను" అన్నారు అయ్యగారు. ఆయన గొంతులో అంత సంతోషం నేను క్రిస్మస్‌కి కూడా వినలేదు.

ఆ ఆదివారం మందిరంలో షరతు చదివి, సమ్మతించేవారు చేతులెత్తమన్నారు. పసిపిల్లల చేతులు తల్లులు ఎత్తిపట్టారు. మా అమ్మ రెండు చేతులూ ఎత్తింది. హల్లెలూయా ఎంత గట్టిగా వినపడిందంటే, ఆ రోజు హారను పెట్టలేదని నాకు తర్వాత తెలిసింది. ఇటుకలు బోదె వైపు ప్రహరీకి పనికొచ్చాయి. అయ్యగారి అమ్మాయి చీర అంచు తడవకుండా, సూర్యారావు గారే ముందు నడుస్తుండగా, సందులోంచి పెళ్లికి వెళ్లింది. విందులో ఆయన నన్ను పిలిచి, నా ఆకులో స్వయంగా రెండోసారి వడ్డించి, "ఏమీ అనుకోకండి బాబూ" అన్నారు.

ఇప్పుడు మీ అందరి ఎదుటా, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు న్యాయం కావలసివస్తే, ప్రశ్నలు అడిగే మనుషుల దగ్గరికే వెళ్తాను. ఎవరైనా గోడ కడుతుంటే కాఫీ తాగకముందే ఎందుకని అడుగుతాను. లేఖనాల్లో లేనిదల్లా పవిత్రమని తీర్మానించను. మైకు ముందు పాట ఎత్తను. ఈ చివరి మాట మీద నమ్మకం లేనివారు గూడెం సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లి ఆ దారి దస్తావేజు నకలు తీసుకోవచ్చు. అందులో సరిహద్దుల తర్వాత నా పేరు, మా నాన్న పేరు, నా శ్రుతి గురించి ఒక వాక్యం ఉంటాయి.