చేపకు వేసిన ఉప్పు

మజ్జిగలో ఉప్పు కలిపేటప్పుడల్లా నాకు ఆ చేప గుర్తొస్తుంది.

అరవైల నాటి ఎండాకాలం. పామిడి దగ్గర పెన్న ఎండిపోతుంటే, మడుగులో మిగిలిన చేపపిల్లను చెంబులో ఇంటికి తెచ్చాను. అది ఎండకు సొమ్మసిల్లిందనుకుని పిడికెడు కల్లుప్పు వేశాను. ఎండన పడి వచ్చినవాళ్లకు మా అవ్వ ఇచ్చేది ఉప్పు మజ్జిగే కదా. చేప గిలగిలా కొట్టుకుంది.

అవ్వ వచ్చి చూసింది. "దానికేమన్నా చెమట పడతాదా పాపా? మామిడి ముక్కలకు ఉప్పేస్తే నీళ్లు ఊరవా? దాని ఒంట్లో నీళ్లు గూడా అట్లే గుంజేస్తాది" అంటూ ఉప్పునీళ్లు పారబోసింది.

ఏటి ఇసుకలో చెలమ తవ్వి తెచ్చుకున్న తాగే నీళ్లు కుండలో కాసినే మిగిలాయి. వాటిని చెంబులో పోసింది. చేప నెమ్మదించింది.

"నాకు దప్పిక లేదులే" అంది అవ్వ ఆ మధ్యాహ్నం. ఆ మాట చాలా ఏళ్లు నమ్మాను.