వడియాల మీద డ్రోను నీడ

ఎండాకాలం మధ్యాహ్నాల్లో మా అపార్ట్‌మెంట్ మేడ ఎక్కితే గచ్చిబౌలి అంతా నీళ్లలో మునిగి ఉన్నట్టు కనిపిస్తుంది. అద్దాల భవనాలు వేడికి అలలు అలలుగా కదులుతాయి. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ఆఫీసు కాల్స్ అక్కడే, ట్యాంకు నీడలో నిలబడి వినేవాణ్ణి. నేను మాట్లాడాల్సిన అవసరం పెద్దగా వచ్చేది కాదు. అందువల్ల వడియాలు ఎండటం చాలా దగ్గర నుంచి చూశాను.

ఆ వడియాలు పై అంతస్తు పెద్దమ్మవి. ఇక్కడంతా జొన్నచేలున్న రోజుల నుంచీ వాళ్లది ఇదే ఊరు. మా అందరికీ ఆవిడ పెద్దమ్మే. ఏటా వేసవిలో పాత చీర తడిపి పరిచి, బూడిద గుమ్మడి వడియాలు పెట్టి, కాకులు భయపడతాయని పక్కన నల్ల గొడుగు విప్పి ఉంచేది. ఎండాక ఇంటికో డబ్బా పంపేది. మేడ మీద పొద్దంతా ఎండ పడే మూల అదొక్కటే. మిగతాదంతా ట్యాంకులు, సోలార్ పలకలు, వాటి నీడలు.

డ్రోను కంపెనీ వాళ్లకి కూడా సరిగ్గా ఆ మూలే నచ్చింది.

ఇక సామాన్లు గాల్లోంచి దిగుతాయన్న కబురు వాట్సాప్ గ్రూపులో పడగానే కొందరు స్నానాల గదుల కిటికీలకు తెరలు కొన్నారు. కొననివాళ్లు డ్రోనుకి అంత తీరిక ఉండదన్నారు. దోసెల పిండి కూడా ఆకాశం నుంచే వస్తుందని ఒకాయన రాస్తే కింద నమస్కారాల బొమ్మలు వరసగా పడ్డాయి. మా వాచ్‌మన్ సందేహం ఒక్కటే: "పైనుంచి వచ్చేటోన్ని గేటుకాడ ఎట్ల ఆపాలె సార్?" ఆలోచించి చెబుతానన్నాను. ఇంకా ఆలోచిస్తున్నాను.

కంపెనీ తరఫున వచ్చినతను ముందొక పరీక్ష చేస్తామన్నాడు. డ్రోను సజావుగా దిగితే ఆ మూల ఇక ఎప్పటికీ ఖాళీగా ఉంచాలట. మా సంఘం సెక్రటరీ, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ ఇంజినీరు గారు, పెద్దమ్మను ట్యాంకు వెనక్కి మారమని మర్యాదగానే అడిగారు.

"నీడల పెడితే బూజు పడ్తయి సారు," అంది ఆవిడ. "నాకున్నదే గీ మూల. ఇగ వడియాలు బంద్ చెయ్యాల్నా?"

"ప్యాకెట్లు దొరుకుతున్నాయి కదండి."

ఆ మాటకు ఆవిడ కొంగు దులుపుకుని కిందికి వెళ్లిపోయింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని అక్కడున్న మా అందరికీ అనిపించింది.

మూలలో తెల్ల రంగుతో వలయం గీశారు. కొత్త బండికి జరిగే మర్యాద డ్రోనుకీ జరగాలని సెక్రటరీ గారు కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, నిమ్మకాయలు తెప్పించారు. టైర్లు లేని బండికి నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలన్నది చర్చ. కాలికొకటి అని తేలింది. అది సరిగ్గా వాటి మీదే కాళ్లు మోపేలా ఎవరు చూసుకుంటారన్నది తేలలేదు. పరీక్ష కోసం ఆయన కరివేపాకు కట్ట ఆర్డరిచ్చారు. పక్కనే పెద్దమ్మ తొట్టిలోని కరివేపాకు చెట్టు ఇదంతా చూస్తూనే ఉంది.

పరీక్ష రోజు అందరం పైకెళ్లేసరికి వలయం మీద చీర పరిచి ఉంది, చీర నిండా వడియాలు.

"పొద్దుగాలనే పెట్టిన. పచ్చివి," అంది పెద్దమ్మ.

పచ్చి వడియాల చీర కదపకూడదని మాలో తెలియనివాళ్లు లేరు. సెక్రటరీ గారు చీర అంచు పట్టుకోబోయి, వాళ్లమ్మ ఎక్కడో కేకేసినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అప్పటికే డ్రోను బయల్దేరింది.

ముందు తుమ్మెద చప్పుడు లాంటిది వినిపించింది. తర్వాత ఆ కదిలే అద్దాల భవనాల్లోంచి ఒక చుక్క విడివడి, పెరిగి, మా నెత్తిన వచ్చి ఆగింది. దాని నీడ వడియాల మీద సన్నగా వణుకుతోంది. ఒక్కో వడియాన్నీ చదువుతున్నట్టుంది. కింద రోడ్డు మీద బస్సులు కూడా ఆగి చూస్తున్నాయనిపించింది. నిమ్మకాయలు పట్టుకుని అందరం అలాగే నిలబడ్డాం.

పెద్దమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని తలెత్తింది.

"జర పక్కకు జరుగు బిడ్డా. ఎండకు అడ్డమొస్తున్నవ్."

అది కాసేపు అలాగే ఉండి, పక్కకు జరిగి, కరివేపాకుతో సహా వచ్చిన దారినే వెళ్లిపోయింది. దిగే చోటు ఖాళీగా లేకపోతే దానంతటదే వెనక్కి పోతుందని కంపెనీ అతను వివరించాడు. వివరణ సరైనదే. ఎవరూ నమ్మలేదు.

డ్రోనుకి కింద, భవనం వెనక ఉన్న పిల్లల స్కేటింగ్ స్థలం చాలులెండి అని సెక్రటరీ గారే అన్నారు. ఆ సాయంత్రం వాళ్లింటికి కరివేపాకు పెద్దమ్మ తొట్టిలోంచే వెళ్లింది.

ఇప్పుడు డ్రోన్లు ఆ స్కేటింగ్ స్థలంలో దిగుతున్నాయి. ఇదివరకు గేటు దాకా వెళ్లినట్టే, ఆకాశం నుంచి వచ్చిన వాటి కోసం మేం లిఫ్టులో కిందికి వెళ్తున్నాం. నిమ్మకాయలు వృథా కాలేదు. పెద్దమ్మ వాటిని కోసి ఉప్పులో ఊరవేసి, ఊరిన ముక్కల్ని ఆ తెల్ల వలయం నడుమే ఎండబెట్టింది. నా ఆఫీసు కాల్ మధ్యలో ఎప్పుడైనా దూరం నుంచి ఆ తుమ్మెద చప్పుడు వస్తుంది. ఆవిడ ఓసారి పైకి చూసి, గొడుగు కొంచెం సర్దుతుంది.